మూడో థూ

ఆ మనిషి ఎవరో నాకు తెలియదు, ఏ దేశమో కూడా తెలియదు. మేము చేసిన కంప్యూటర్ ఆట ఆడి, దాని కింద తన అభిప్రాయం రాశాడు. "ఆట బాగుంది. దయ్యాలు బాగున్నాయి. కానీ గోధుమరంగు ఉండ ఒకటి తింటే ప్రాణం పెరుగుతోంది. అదేమిటి, బురదా?"

బురద అంట. రాగి సంగటి ముద్దను పట్టుకుని బురద అన్నవాడికి ఏమని జవాబు చెప్తాం? నేను చెప్పాను. సంగటి గురించి, దాంట్లోకి నంజుకునే శనక్కాయల ఊరిబిండి గురించి, అది తిని మా తాతలు కొండలెక్కి గొర్రెలు కాసిన వైనం గురించి పేజీడు ఇంగ్లీషులో రాసి, చివర్లో వాళ్ల నాయనమ్మ వాడికి ఏం పెట్టి పెంచిందో కూడా అడిగాను. కాసేపటికి పులివెందుల నుంచి నా స్నేహితుడు ఫోన్ చేశాడు.

"మామా, అది తీసెయ్. ఆయప్ప ఆట బాగుండాదనే కదా రాసినాడు."

"బురద అన్న్యాడు రా."

"ఆయప్ప తెలీక అన్న్యాడు. నువ్వు తెలిసి తిడ్తాండావు. తీసెయ్ మామా."

తీసేశాను. తీసేశానే గానీ, ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

మాది ఇద్దరు మనుషుల కంపెనీ. కంపెనీ అంటే నవ్వకండి. నేను ప్రొద్దుటూరులో ఉంటాను, పగలు ఇంట్లోనే కూర్చుని బెంగుళూరు ఆఫీసు పని చేస్తాను. మిగిలిన వేళల్లో దయ్యాల పని చూస్తాను. నా స్నేహితుడు పులివెందులలో ఫ్లెక్సీల అంగట్లో డిజైనరు. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీల మీద మనుషుల మొగాలు తెల్లగా చేసీ చేసీ వాడికి విసుగు పుట్టింది. ఆ కసినంతా మా ఆటలో దయ్యాల మొగాల మీద తీర్చుకుంటాడు.

చిన్నప్పుడు ప్రొద్దుటూరు ఇంటర్నెట్ సెంటర్లో కుర్చీకి ఇద్దరం కూర్చుని ఆడిన ఆటలు మా ఇద్దరికీ పిచ్చి. తెర మీద మనిషి కనపడడు. రెండు చేతులు, ఒక తుపాకి, అంతే. ఆ చేతులు మనవే అనుకోవాలి. గోడలన్నీ గళ్లుగళ్లుగా, దయ్యాలన్నీ ముతక చుక్కలుగా ఉండేవి. ఇప్పుడు కంప్యూటర్లో వెంట్రుకలతో సహా మనిషిని నిజంగా చూపించే రోజులొచ్చినా, ఆ పాత మోటు బొమ్మల కోసం పడిచచ్చేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. దయ్యం సరిగ్గా కనిపించకపోతేనే భయం ఎక్కువని వాళ్ల వాదన. మేము అలాంటి ఆటే చేశాం. మూతపడ్డ నాపరాయి గనిలోకి ఒక మనిషి నాటు తుపాకి పట్టుకుని దిగుతాడు. తప్పిపోయిన గొర్రెల కోసం. అక్కడ గొర్రెలు తప్ప అన్నీ ఉంటాయి.

ఆట బయటికి వదిలినప్పటి నుంచి, పొద్దున లేస్తూనే అభిప్రాయాలు చదవడం నాకు రోగమైపోయింది. "లోపల దీపాలు మాటిమాటికీ ఆరిపోతున్నాయి, ఇది లోపమా?" అని ఒకరు అడిగారు. "లోపం కాదప్పా, ఎండాకాలం" అని నా స్నేహితుడు జవాబిచ్చాడు. "కథానాయకుడు పరుగెత్తేటప్పుడు చెప్పుల చప్పుడు ఎందుకొస్తుంది, బూట్లు లేవా?" అని ఇంకొకరు. "సీమవాళ్ల ఆట అన్నారు, బాంబులేవీ?" అని తెలుగులోనే ఒక మహానుభావుడు. దానికి నేను రాసిన జవాబు కూడా నా స్నేహితుడే తీయించాడు. వాడు లేకపోతే నేను ఈపాటికి సగం ప్రపంచంతో మాటల్లేకుండా ఉండేవాణ్ణి.

ఎవరు దేనికి వంకలు పెట్టినా, ఒక్క విషయంలో మాత్రం ఆడినవాళ్లంతా ఏకమయ్యారు. గని అడుగున, చివరి గుంతలో ఉండే దయ్యం గొంతు. అది కనపడదు, చీకట్లోంచి గొణుగుతూ ఉంటుంది, అంతే. "ఆ గొంతు వినగానే హెడ్‌ఫోన్లు తీసి మంచం మీదికి విసిరేశాను" అని ఒకరు రాశారు. "ఇది పాతకాలపు లాటిన్, వెనక నుంచి ముందుకు చదివారు" అని బాగా చదువుకున్నవాడు ఒకడు తేల్చేశాడు. "కాదు, ఇది చచ్చిపోయిన భాష, ఇప్పుడు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు" అని ఇంకొకడు వాడితో కొట్లాటకు దిగాడు. "మా అమ్మ పక్క గదిలోంచి వచ్చి, ఎవరో ఎవర్నో శపిస్తున్నారు, ఆపు అంది" అని మరొకడు.

ఆ దయ్యం జమ్మలమడుగులో ఉంటుంది. మా మేనత్త.

ఆమె శపించడం లేదు పాపం, దిష్టి తీస్తోంది. నేను కొత్త బండి కొని చూపించడానికి పోయినప్పుడు, వీధి వీధంతా వచ్చి బండిని తడిమి తడిమి చూసింది. వాళ్లు అటు పోయారో లేదో, మా అత్త నన్ను గడపలో నిలబెట్టి, గుప్పిట్లో ఉప్పు, ఎండు మిరపకాయలు పట్టుకుని నా తల చుట్టూ తిప్పింది. "ఇరుగోళ్ల కండ్లు, పొరుగోళ్ల కండ్లు, దావన పొయ్యేటోళ్ల కండ్లు, మంచోళ్ల కండ్లు, మంచోళ్ల మాదిరి నవ్వేటోళ్ల కండ్లు..." అలా ఊళ్లో ఉన్న కళ్లన్నీ పిలిచి, చివర్లో థూ థూ థూ అని మూడుసార్లు అని, గుప్పిట్లోది పొయ్యిలో వేసింది. నా జేబులో ఫోన్ అంతా వింటూ ఉంది. నేనే ఆన్ చేసి పెట్టుకున్నాను.

"అత్తా, నీ గొంతు ఒక ఆటలో పెట్టుకుంటా" అన్నాను.

"పెట్టుకోపోరా. నా గొంతుకు బాడిగ అడిగిన్యానా?" అంది.

ఏ ఆట, ఎక్కడ పెడతావు అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఇంటికొచ్చి దాని వేగం సగానికి తగ్గించి, గొంతు బొంగురు చేసి, మధ్యలో వీధిలో పోయిన ఆటో హారన్ వినబడిన చోట కత్తిరించి, బావిలోంచి మాట్లాడినట్టు చేశాను. విన్న నా స్నేహితుడు ఆ రోజు ఒక్కడే మేడ మీద పడుకోనని కిందికి దిగాడు.

మా అత్త తిట్ల సంగతి కొంచెం చెప్పాలి. మా ఇళ్లలో పొగడ్త అంటే భయం. పిల్లోడు ముద్దుగా ఉన్నాడని ఎవరైనా అన్నారంటే, ఆ ఇంటి పెద్దామె వెంటనే "ఏం ముద్దు, కోతి మొగం" అని తీరాలి. లేకపోతే ఆ మంచిమాట పిల్లోడికి తగులుకుంటుంది. ఈ పనికి మా వీధి మొత్తానికీ మా అత్తే పెద్ద దిక్కు. నేను డిగ్రీ పాసైతే "గాడిదకు కాయితమిచ్చి పంపినారు" అంది. ఉద్యోగం వస్తే "ఆ కంపెనీకేం పొయ్యేకాలమొచ్చిందో" అంది. ఆమె ఎంత గట్టిగా తిడితే మనం అంత బాగా బతుకుతున్నట్టు లెక్క. బండి చప్పుడు విని వీధి మొదట్లోనే నన్ను అందుకునేది. నేను స్టాండ్ వేసేలోపల నా జుట్టు, నా చొక్కా, నా పెళ్లి, అన్నీ అయిపోయేవి.

ఆడేవాళ్లంతా రెండో భాగం చేయమన్నారు. చేస్తే ఆ గొంతు ఎక్కువ పెట్టమన్నారు. "గని తగ్గించండి, ఆ ముసలి దయ్యాన్ని పెంచండి" అని ఒకరు సూటిగా రాశారు. సరే, అత్తతో గంటసేపు తిట్టించుకుని వద్దామని ఒక ఆదివారం జమ్మలమడుగు పోయాను.

వీధి మొదట్లో ఎవరూ అందుకోలేదు. స్టాండ్ వేశాను. చెప్పులు విడిచాను. నిశ్శబ్దం. పంచలో మా అత్త చాట ముందు పెట్టుకుని శనక్కాయలు ఒలుస్తోంది. తలెత్తి చూసి నవ్వింది. చేత్తో స్టూలు చూపించింది, తర్వాత నీళ్ల బిందె చూపించింది. మళ్లీ శనక్కాయల్లో పడిపోయింది.

"గొంతు పోయినాదా అత్తా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది.

లోపలి నుంచి మా బావ వచ్చాడు. మా అత్త కొడుకు, ఎరువుల అంగడి నడుపుతాడు. నన్ను వంటింట్లోకి పిలుచుకుపోయి తలుపు దగ్గరికి వేశాడు.

"గొంతు బాగానే ఉండాది. మాట్లాడదు. నెల పైనే అయిపాయ" అన్నాడు.

సంగతి ఇది. మా బావ భార్యను నేను అక్కా అంటాను. ఆ అక్కకు సొంత అక్క ఉంది. ఆమెను విజయవాడ వైపు ఇచ్చారు. ఆమె మొదటిసారి పిల్లోణ్ణి ఎత్తుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని వీళ్లింటికి చుట్టపుచూపుగా వచ్చింది. పిల్లోడు తెల్లగా, బొద్దుగా ఉన్నాడు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి చేతులు మార్చి మార్చి ఎత్తుకుని, బొమ్మ మాదిరి ఉండాడు, వెన్నముద్ద మాదిరి ఉండాడు అంటూ నోళ్లు తెరిచారు. మా అత్తకు కాళ్లు నిలవలేదు. ముందుకొచ్చి పిల్లోడి గడ్డం పట్టుకుని, "ఛీ, ఏం పిల్లోడే ఇది, దయ్యం పిల్లోడు, గుడ్లగూబ మొగమూ వీడూనూ" అంది.

మా వీధిలో అయితే పిల్లోడి తల్లి చేతులు జోడించేది. విజయవాడ అత్తగారికి మొగం మాడిపోయింది. "మా పిల్లాణ్ణి దెయ్యం అంటారేంటండీ?" అంది. సర్దిచెప్పేవాళ్లు సర్దిచెప్తుండగానే మా అత్త ఉప్పు, మిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని పిల్లోడి మీదికి వచ్చింది. ఆవిడ పిల్లోణ్ణి లాక్కుని, ఆ ఘాటు పిల్లాడికి పడదని, బట్టలు సర్దుకుంది. పొయ్యి మీద నాటుకోడి ఉడుకుతుండగానే వాళ్లు బస్సెక్కారు. మా బావకు తల కొట్టేసినట్టయింది.

"నీ నోటికి తాళమేసుకోమ్మా అంటి" అన్నాడు మా బావ నేల చూస్తూ. "'ఏసుకుంటి' అనె. అదే కడమాట."

మా అక్క పప్పు గుత్తి పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "మొదట రెండు దినాలు ఇల్లు సల్లగుండె తమ్ముడూ. అబద్దమెందుకు, నేను సంతోషపడితి. ఇప్పుడు ఆ సల్లదనానికే నాకు నిద్ర పట్టల్యా. నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు ఏస్తి. తెలిసే తినె. ఒక్క మాటన్నా అనల్యా."

"తప్పైపాయమ్మా అని కాళ్లు గూడా పట్టుకుంటి" అన్నాడు బావ. "తలకాయ నిమిరి లేసి పాయ."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అందులో సగం అత్త కోసం. మిగతా సగం రెండో భాగం కోసం, అబద్ధమెందుకు.

బయటికొచ్చి ఆమె పక్కనే కూర్చున్నాను. పొగడ్తలు చదివితే తిట్టక చస్తుందా అని నా ఎత్తు. ఫోన్ తీసి, మా ఆట గురించి జనం ఏమంటున్నారో ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. "నీ అల్లుడంతటోడు ల్యాడంట అత్తా" అన్నాను. శనక్కాయ పగిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు. "ఇంత మంచి ఆట ఈ మధ్య రాలేదంట" అన్నాను. నా వైపు జాలిగా చూసింది. ఇక తెగించి, "ఆ ఆటలో దయ్యం ఉండాది. దాని గొంతు నీదే" అన్నాను.

చేతిలో ఉన్న పొట్టంతా నా మొగం మీద కొట్టింది. నోరు మాత్రం తెరవలేదు. కళ్లు తుడుచుకుని చూస్తే, చాట నా దగ్గరికి జరుపుకుని కూర్చుని ఉంది. గడ్డం ఎగరేసింది. ఇంకోటి చదువు అని.

వాళ్లమ్మ పక్క గదిలోంచి వచ్చినవాడి సంగతి చెప్పాను. భుజాలు కదిలాయి గానీ నవ్వు బయటికి రాలేదు. లాటిన్ సంగతి చెప్పాను. లాటిన్ అంటే ఏమిటని చేత్తో అడిగింది. "చచ్చిపోయిన భాష" అన్నాను. ఉత్త పొట్టు ఇంకో గుప్పెడు నా మీద పడింది. నేను బయలుదేరేటప్పుడు గడపలో నిలబెట్టి, ఖాళీ గుప్పిట నా తల చుట్టూ తిప్పి, మెటికలు విరిచింది. ఒక్క మాట లేదు. కరెంటు లేని బోరు మోటారు ముందు నిలబడినట్టు నిలబడి, బండెక్కి వచ్చేశాను.

అత్త గొంతు లేదు, ఆడేవాళ్లు ఆగడం లేదు. చివరికి నా స్నేహితుడు తానే దయ్యమవుతానన్నాడు. గొంతు మార్చి రికార్డు చేసి పంపాడు. రెండో భాగంలోంచి చిన్న ముక్క, వాడి గొంతుతోనే, రుచి చూడమని వదిలాం. అభిప్రాయాలు వచ్చాయి. "దయ్యానికి జలుబు చేసిందా?" "పాత దయ్యానికి ఏమైంది? చనిపోయిందా? మాకు దిగులుగా ఉంది." "కొత్త దయ్యం బండి మీద ఏదో అమ్ముతున్నట్టుంది. ఏమి అమ్ముతోంది?"

"పొద్దంతా ఫ్లెక్సీల అంగట్లో అరిస్తే గొంతు ఇట్లనే ఉంటాది మామా" అన్నాడు వాడు ఫోన్లో. బాధపడ్డాడు. మొదటిసారి నేను వాణ్ణి ఓదార్చాల్సి వచ్చింది, నాకు ఆ పని చేతకాదని అప్పుడే తెలిసింది.

ఆ మర్నాడు తెలుగులో ఒకటి వచ్చింది. రాసినావిడ మాట తీరు చూస్తే కోస్తా వైపే. "మా అబ్బాయి ఆడుతుంటే విన్నాను. ఇది దెయ్యం భాష కాదు, లాటినూ కాదండీ. మొదటి భాగంలో ఎవరో పెద్దావిడ దిష్టి తీస్తున్నారు. అదీ సరిగ్గా తీయలేదు. మూడుసార్లు థూ అనాలి, ఆవిడ రెండుసార్లే అన్నారు. ఇలా తీస్తే దిష్టి పోదు, ఉన్నది ఇంకాస్త అతుక్కుంటుంది. సీమవాళ్లకు పద్ధతులు తెలియవనుకుంటా."

నాకు ఒళ్లు మండింది. జవాబు సగం రాసి, ఆగాను. ఈ కోపం నాకెందుకు, దీన్ని అసలు మనిషికే అప్పజెప్పవచ్చు కదా అనిపించింది. స్నేహితుడికి ఫోన్ చేసి, మైకు తీసుకుని జమ్మలమడుగు రమ్మన్నాను. వాడు ముద్దనూరు మీదుగా బండి మీద వచ్చాడు.

మా అత్త వాళ్లింట్లో ధాన్యం పెట్టే చిన్న గది ఉంది. వాళ్ల మామగారి కాలంలో ఇంటి నిండా గొర్రెలుండేవి, ఆ బొచ్చుతో నేయించిన కంబళ్లు ఇంకా ఆ గదిలోనే ఉన్నాయి. అవి చుట్టూ వేలాడదీస్తే బయటి చప్పుడు రాదు. ఇక్కడే దయ్యం గొంతు మళ్లీ రికార్డు చేస్తామని బావకు చెప్పాం. నిజానికి మా ఎత్తు వేరు. నా స్నేహితుడు దిష్టి మాటలు కావాలని తప్పుతప్పుగా చదవాలి. అత్త గడపలో కూర్చుని వినాలి.

వాడు కంబడి కప్పుకుని చెమటలు కక్కుతూ మొదలుపెట్టాడు. "ఇరుగోళ్ల కండ్లు... పొరుగోళ్ల చెవులు... బర్రెల కండ్లు..."

అత్త చేతులు ఆగాయి. దవడ కదిలింది. మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. నేను ఫోన్ తీసి అభిప్రాయాలు గట్టిగా చదవడం మొదలుపెట్టాను. జలుబు దయ్యం. బండి మీద అమ్మే దయ్యం. పాత దయ్యం చనిపోయిందా, మాకు దిగులుగా ఉంది. తర్వాత ఆ కోస్తా ఆవిడ రాసింది చదివాను, ఒక్క అక్షరం వదలకుండా.

మా అత్త చాట పక్కన పెట్టింది. చీర కొంగు దులుపుకుంది. లేచి నిలబడింది.

"మూడోది యాడబోయిందిరా?"

నెలల తరబడి వాడని గొంతు, తుప్పు పట్టి ఉంది. వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. నా స్నేహితుడు కంబడిలోంచి తల బయటపెట్టాడు.

"ఆటో హారన్ పడినాది అత్తా. ఆడికి కత్తిరిస్తి" అన్నాను.

"కత్తిరిస్తివా."

"ఊఁ."

"నీ కత్తెర్లకు మన్నుబొయ్య. దిష్టి తీసేకాడ కత్తెర బెడ్తావారా మూదేవీ? ఎంతమంది ఆడినారు దాన్ని?"

"శానామందే అత్తా."

"అంతమందికీ సగం దిష్టి తీసి ఇడ్సిపెట్టినావా? ఎవురి బిడ్డలో ఏమో, వాళ్ల తల్లులు యాడుండారో ఏమో. ఆయమ్మ అంటాందంటే అనదా మళ్ల? ఆయమ్మ చెవులు మంచివి, నీవే మట్టివి. అయినా సీమోళ్లకు పద్ధతుల్ల్యావని ఎట్లంటాది? మా అమ్మ దిష్టి తీస్తే పొయ్యిలో మిరపకాయ ఘాటు గూడా వచ్చేది కాదు. రేయ్, నువ్వు బయటికి రా. కంబడి కప్పుకోని గొర్రె మాదిరి అరుస్తాండావు. బర్రెల కండ్లా? బర్రె యాడన్నా దిష్టి పెడ్తాదా నీ జిమ్మడ?"

నా స్నేహితుడు బయటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంత మంచి తిట్లు వాడు ఎప్పుడూ తినలేదని తర్వాత నాతో చెప్పాడు. మా బావ, మా అక్క పరుగెత్తుకొచ్చి గడప దగ్గర ఆగిపోయారు. మా అత్త అటు తిరిగింది.

"నువ్వు, తాళమేసుకోమంటివి. ఏసుకుంటి. నీకేమి, అంగడికి పోతివి, వస్తివి, తింటివి. ఈ పిల్ల పప్పులో రెండు మార్లు ఉప్పేసె, నోరు మూసుకోని తింటి. ఇంట్లో ఇట్ల ఉప్పు తిని బతకొచ్చు. ఆ పసిబిడ్డ సంగతేందిరా? ఈదంతా వచ్చి నోర్లు తెర్సి చూసిరి. ఆ కండ్లన్నీ వాని మిందనే పడె. తీస్తామంటే తీయనీకపోతిరి. ఈ గాడిద సగమన్నా తీసినాడు, మీరు సగం గూడా తీయకుండా బస్సెక్కిస్తిరి. అంత దూరం పోయినోడు పాలు తాగె, తాగకపాయ. జరమొచ్చె, రాకపాయ. ఇన్ని దినాల్లో ఒక్కరన్నా నా ముందర వాని మాటెత్తితిరా? నోరు మూసుకున్న్యా గానీ చెవులు మూసుకున్న్యానా?"

వాళ్ల పేరెత్తితే ఆమెకు బాధని ఇంట్లోవాళ్లు ఇన్నాళ్లుగా జాగ్రత్తగా దాటవేస్తూ వచ్చారు. ఆమె ఆ గడపలో కూర్చుని రోజూ ఎదురుచూసింది ఆ ఒక్క కబురు కోసమని మాకెవరికీ తట్టలేదు. నాకు నా మీద, మా అందరి మీద సిగ్గేసింది.

మా అత్త ఆయాసపడుతూ గోడకు ఆనుకుంది. గొంతు దిగిపోయింది. మా అక్క వైపు చూసి మెల్లగా అడిగింది.

"పిల్లోడు బాగుండాడా?"

మా అక్క ఏడుస్తూనే ఫోన్ తీసి వాళ్లక్కకు వీడియో కాల్ చేసింది. పిల్లోడు తెర నిండా వచ్చాడు. కింద రెండు పళ్లు వచ్చాయి, నోట్లో చెంచా ఉంది. వెనక ఆ విజయవాడ అత్తగారు నిలబడి ఉంది. మా అత్త రెండు చేతులతో ఫోన్ పట్టుకుని చూసింది, చూసింది, పెదవులు బిగబట్టి కొడుకు వైపు చూసింది.

"అనమ్మా" అన్నాడు మా బావ.

"ఛీ" అంది మా అత్త పిల్లోడితో. "ఇంత వికారం మొగం నేను యాడా చూల్లేదు. ఆ పండ్లు చూడు, ఎలక పండ్లు." ఖాళీ గుప్పిట ఫోన్ చుట్టూ తిప్పి, థూ థూ థూ అంది. మూడూ పూర్తిగా అంది. మా అక్క ఫోన్ అద్దం తుడుచుకుంది.

పిల్లోడు చెంచా వదిలేసి పకపకా నవ్వాడు. ఆ విజయవాడ అత్తగారు ముందుకొచ్చింది.

"ఇంకోసారి అనండి వదినగారూ, వాడు నవ్వుతున్నాడు" అంది.

మా అత్త ఆ సాయంత్రం దాకా అంటూనే ఉంది.

ధాన్యం గదిలో మైకు ఆపడం మేమిద్దరం మరిచిపోయాం. మరిచిపోయామనే ఆమెకు చెప్పాం. ఆ తిట్లన్నీ, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, రెండో భాగంలో దయ్యానికి పెట్టాం. ఈసారి ముందే చెప్పి, వినిపించి, పెట్టాం. "ఒక్కటి గూడా కత్తిరియ్యాకు" అని ఆమె షరతు. ఇంకొక షరతు, మొదటి భాగంలో ఆ మూడో థూ తిరిగి పెట్టాలి. చిన్న సవరణ చేశామని ప్రకటించి పెట్టాం. ఏం సవరించారు, ఉమ్మిన చప్పుడు తప్ప తేడా ఏమీ లేదే అని జనం తలలు పట్టుకున్నారు. ఒకడు మాత్రం, ఎందుకో ఈ సవరణ తర్వాత హాయిగా నిద్రపట్టింది అని రాశాడు. దాన్ని మా అత్తకు చదివి వినిపించాను. అప్పటి నుంచి వీధిలో ఆమెతో ఎవరూ వేగలేకపోతున్నారు.

రెండో భాగం గురించి అభిప్రాయాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. సంగటి ఉండల గురించి, చెప్పుల చప్పుడు గురించి ఎన్ని వంకలున్నా, ఎక్కువమంది రాసేది ఒకటే. ఆ దయ్యం అరిచినంతసేపు తట్టుకోవచ్చు. అన్నీ ఆగిపోయాక, చీకట్లో దగ్గరగా వచ్చి మెల్లగా ఒక్క మాట అంటుంది, అదే అన్నిటికంటే భయం. ఆట ఆపి లైట్లు వేసుకున్నామని రాస్తారు. ఆ మాటకు అర్థమేమిటని అడుగుతారు.

చెప్పేద్దామని నా స్నేహితుడి పోరు. పోయిన వారం జమ్మలమడుగు పోయినప్పుడు అత్తనే అడిగాను. నా చొక్కాను, నా పొట్టను తిట్టడం అప్పటికి అయిపోయింది, చాట ముందుకు లాక్కుంటోంది.

"చెప్పాకు" అంది. "పిల్లోడు బాగుండాడా అని అడిగిన్యానని తెలిస్తే ఇంగెవురు బయపడ్తారురా?"

సరే అన్నాను. ఒక గుప్పెడు శనక్కాయలు ఒలిచింది. పొట్టు ఊది పక్కకు నెట్టింది.

"పిల్లోళ్లు దూరంగా ఉండేటోళ్లు అడిగితే మాత్రం చెప్పు" అంది. "వాళ్లు ఎట్లా బయపడ్తానే ఉంటారు."